వీపు రుద్దడమా, వాక్యం చెప్పడమా

భిలాయిలో మా తెలుగు సంఘం వాళ్ళు నన్ను సువార్త కమిటీకి కార్యదర్శిని చేసింది నా భక్తి చూసి కాదు, నా గొంతు విని. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో కరెంటు పోయి మైకు మూగబోతే, వెనక బెంచీలోంచి లేచి ప్రకటనలు నేనే చదివాను. సుపేలా బజారులో ఆటో కోసం నిలబడ్డవాళ్ళు కూడా అవి విని, సండేస్కూలు పిక్నిక్కి మేమూ రావచ్చా అని ఆరా తీశారని ఒక కథ ఉంది. ఆ కథ చెప్పేది ఇప్పటివరకు నేనొక్కణ్ణే అనుకోండి, అయినా కథ కథే.

స్టీల్ ప్లాంటులో రోలింగ్ మిల్లు హోరు మీద అరిచి అరిచి తయారైన గొంతు ఇది. భోజనాల దగ్గర నేను ఉప్పు అడిగితే పక్క లైను క్వార్టర్ల వాళ్ళు కూడా తమ ఉప్పు డబ్బా వెతుక్కుంటారు. మాటలకీ లోటు లేదు. రోడ్డు మీద గుంతల గురించి మొదలుపెట్టానంటే, నేను ముగించేలోపు వినేవాడికి గడ్డం పెరుగుతుంది. అలాంటి నాకు ఒక్క చోట మాత్రం నోరు పెగలదు. ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తూ యేసు ప్రభువు సంగతి చెప్పాలంటే నాలిక సిమెంటులో దిగబడిపోతుంది. నమ్మకం లేక కాదు. నమ్మకం ఉంది, అమ్మ మీద ప్రేమ ఉన్నట్టు ఉంది. అమ్మ మీద ప్రేమ గురించి సుపేలాలో బండి ఆపి ఎవరికైనా చెబుతామా?

ఈ సంగతి మా పాస్టరుగారికి తెలీదు. ఆ ఏడాది దసరా వెళ్ళీ వెళ్ళగానే ఆయన ప్రసంగ వేదిక మీంచి ప్రకటించారు: క్రిస్మస్ నాటికి ప్రతి కుటుంబమూ ఒక్క ఆత్మనైనా మందిరానికి తీసుకురావాలి. ప్రకటించి, నా వైపు చూసి నవ్వారు. "అందరికన్నా ముందు మన కార్యదర్శిగారే తెస్తారు" అన్నారు. సంఘమంతా వెనక్కి తిరిగి చూసింది. ఆ క్షణంలో నేను బెంచీ కిందికి దూరలేకపోవడానికి నా పొట్టే కారణం.

మేం ఉండేది రిసాలిలో, పాత క్వార్టర్లలో. మాకూ పక్కింటికీ మధ్య ఒకే గోడ. గోడ అంటే మాటవరసకి అంటున్నాను. అటువాళ్ళు తాలింపు వేస్తే ఇటు మేం తుమ్ముతాం, ఇటు మేం తుమ్మితే అటువాళ్ళు "చిరంజీవ" అంటారు. ఆ ఇంట్లో ఉండేది మేం పెద్దమ్మగారని పిలిచే పెద్దావిడ, ఆవిడ కొడుకు. ఆవిడ పెళ్ళయిన కొత్తలో శ్రీకాకుళం వైపునుంచి వచ్చి, భిలాయిలోనే ముసలైపోయారు. హిందీ మాత్రం బంగాళాదుంపల ధర అడిగేటంత వరకే నేర్చుకున్నారు. కొడుకు ప్లాంటులో ఇంజనీరు, నాకు తమ్ముడిలాంటివాడు. కోడలిది బ్యాంకు ఉద్యోగం. ఆమెను రాయగఢ్‌కి బదిలీ చేస్తే ఆదివారాలు వచ్చి వెళ్తుండేది.

ఆ వానాకాలంలో పెద్దమ్మగారు జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది. ఇంటికి తెచ్చాక, పడుకునే ఉండడం వల్ల నడుం దగ్గర పుండు మొదలైంది. రోజూ గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు తుడవాలనీ, వీపు కడిగి చెమ్మ లేకుండా ఆరబెట్టాలనీ, పక్కలు తిప్పుతూ ఉండాలనీ డాక్టరు చెప్పారట. లేకపోతే పుండు లోపలికి దిగుతుందనీ, ఈ వయసులో అలా దిగితే... ఆ తరవాతి మాట ఆయన మింగేశారట.

కొడుకు పనిమనుషులను పెట్టాడు. పాపం వాళ్ళు ఛత్తీస్‌గఢీ మాట్లాడే ఆడవాళ్ళు, పనిమంతులే. కానీ పెద్దమ్మగారు వాళ్ళ చెయ్యి పడనిచ్చేవారు కాదు. ఆవిడ తిట్లు వాళ్ళకి అర్థం కాకపోయినా, వాటి సెగకి మా గోడ మీద బల్లులు కూడా ఇల్లు మారేవి. ఒకావిడ మధ్యాహ్నం టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

"అమ్మా, ఎందుకలా చేస్తావు?" అని కొడుకు మొత్తుకున్నాడు.

"నా బాస రాని మనిషి ముందు నానెలగ విప్పుతానురా బట్టలు? నొప్పెట్టిందని చెప్తే దానికి తెలస్తాదేటి?" అన్నారావిడ. గోడవతల నుంచి విని, అది నిజమే కదా అనుకున్నాను. నేను అనుకుంటూ ఉండగానే మా ఆవిడ బకెట్టు, మగ్గు, పాత తువ్వాలు పట్టుకుని వెళ్ళిపోయింది.

ఒక్క రోజు సాయమనుకున్నాను. అది అలవాటైపోయింది. పొద్దున నేను డ్యూటీకి బయల్దేరగానే మా ఆవిడ నీళ్ళు కాచుకుని అటు వెళ్ళేది. లోపల ప్రార్థన గానీ, వాక్యం గానీ ఏమీ ఉండేది కాదు. నాకు సెలవైన రోజుల్లో గోడ ఇవతలి నుంచి వినిపించేది ఇంతే:

"ఒసే, నీళ్ళు సలసలా కాగుతున్నాయే!"

"నా చెయ్యి పెట్టే చూశానండి. కదలకండి."

"కదలకపోతే నాను శవాన్నేటి?"

"శవమైతే నాకింత పని ఉండేది కాదండి. ఇటు తిరగండి."

వారాలు గడిచేసరికి పుండు ఎండటం మొదలుపెట్టింది. పెద్దమ్మగారి తిట్లలో కూడా ప్రేమ పాలు పెరిగింది.

ఈ సంగతి ఎలా పొక్కిందో పాస్టరుగారి చెవిన పడింది. స్కూటరు మీద వచ్చేశారు, ముఖం వెలిగిపోతోంది. "ఆత్మ పక్కింట్లోనే ఉందని చెప్పరేంటండీ! ఎంతవరకు వచ్చింది?" అని మా ఆవిడని అడిగారు.

"నడుం దాకా మానిందండి" అంది మా ఆవిడ, కాఫీ ఇస్తూ.

ఆయన కాఫీ ఒక గుక్క తాగారు. ఆ తరవాత మెత్తగానే అడిగారు. "అమ్మా, ఇన్నాళ్ళుగా వెళ్తున్నారు. ప్రభువు పేరు ఒక్కసారైనా చెప్పారా?"

"వీపు రుద్దుతుంటే ఎలా చెప్తానండి? సబ్బు కళ్ళలో పడకుండా చూసుకోవాలి కదా."

ఆయన నా వైపు తిరిగారు. "చూడండి, మా అమ్మకి ఒక నర్సు చెప్పింది. చెప్పకుండా మందిచ్చి పంపేసి ఉంటే ఇవాళ నేనిక్కడ లేను. పెద్దావిడకి ఇంకెంత కాలం ఉందో మనకి తెలీదు. మన దగ్గర ఉన్నదాన్లో అన్నిటికన్నా మంచిది దాచిపెట్టుకుని, తువ్వాలు మాత్రం ఇవ్వడం దయ అంటారా?"

ఆయన అన్నదాంట్లో నాకు తప్పు దొరకలేదు. మా ఆవిడ చేస్తున్నదాంట్లోనూ దొరకలేదు. రెండూ ఒప్పే అయినప్పుడు మనిషికి ఇంత గాభరా ఎందుకు పుడుతుందో నాకిప్పటికీ తెలీదు. ఆ రాత్రి నా మెదడులో రోలింగ్ మిల్లు నడిచింది, ఒక్క ఉక్కు పట్టీ కూడా బయటికి రాలేదు.

సెలవు రోజు చూసి, కార్యదర్శి హోదాలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని పక్కింటికి వెళ్ళాను. అద్దం ముందు సాధన చేసిన ప్రసంగం నా దగ్గర ఉంది. అది విన్నవాడు రాయయినా కరుగుతాడని అద్దంలో ఉన్నవాడు ఒప్పుకున్నాడు.

"పెద్దమ్మగారూ, ఈ లోకంలో మనిషికి బాధ అనేది..."

"ఒరే నాయనా, నా తుంటి విరిగింది గానీ చెవులు బాగానే ఉన్నాయిరా. మెల్లిగా చెప్పు."

గొంతు తగ్గించాను. గొంతు తగ్గిస్తే నాకు మాటలు రావని అప్పుడే తెలిసింది.

"ఏటి, బాధంటావు? నీకేటి బాధ? ఇంట్లో పోట్లాట అయిందేటి?"

"లేదండి, నేను చెప్పొచ్చేది..."

"ఆ ఫేను గరగర మంటోంది, ముందది చూడు."

ఫ్యాను విప్పాను, నూనె వేశాను, బిగించాను. ఈలోగా ఆవిడ తన అన్నగారి పెళ్ళిలో ఆముదాలవలస స్టేషన్లో పెళ్ళికొడుకుని మరిచిపోయి రైలెక్కిన వైనమంతా చెప్పారు. ఇంటికొచ్చి అద్దం చూసుకుంటే నా ఇస్త్రీ చొక్కా మీద ఆయిలు మరకలు ఉన్నాయి, సువార్త మరక ఒక్కటీ లేదు.

డిసెంబరు వచ్చింది. మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. క్రిస్మస్ నెల రాగానే ప్రతి క్రైస్తవుల ఇంటి ముందూ కాగితం నక్షత్రం వేలాడదీసి లోపల బల్బు వెలిగిస్తాం. కేరల్స్ పాడే కుర్రాళ్ళకి అదే గుర్తు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు వాళ్ళు, తెలుగు పాటలు కూడా హిందీ అక్షరాల్లో రాసుకుని పాడతారు. ఏ క్వార్టర్లో ఎవరుంటారో వాళ్ళకేం తెలుసు? నక్షత్రం కనబడితే ఆగడం, పాడటం, ప్రార్థన చెయ్యడం, పెట్టింది తినడం. అంతే.

సుపేలాలో కొన్న నక్షత్రం మా వరండాలో కట్టాను. దాని సైజు చూసి చందమామ ఆ వారం సరిగ్గా బయటికి రాలేదు. పెద్దమ్మగారి మంచం కిటికీ పక్కనే ఉంటుంది. అక్కణ్ణుంచి కేక వేశారు.

"ఒరే నాయనా, అదేటిరా, బాగుంది. ఇటంతా చీకటిగా ఉంటాది, నాకూ ఒకటి కట్టరా."

ఇంట్లో పాతదొకటి ఉంటే స్టూలెక్కి ఆవిడ వరండాలో కట్టాను. స్టూలు మీద ఉన్నంతసేపూ ఒకటే ఆలోచన: ఇది సువార్త కిందికి వస్తుందా, కరెంటు పని కిందికి వస్తుందా? కొడుకు డ్యూటీ నుంచి వచ్చి చూశాడు గానీ ఏమీ అనుకోలేదు. ఇక్కడ దీపావళికి అందరూ ఆకాశదీపాలు కడతారు కదా. పెళ్ళాం కట్టి తియ్యడం మరిచిపోయిందనుకున్నాడట.

శనివారం దీపాలు పెట్టే వేళకి కేరల్స్ బృందం వచ్చింది. మా ఇంట్లో పాడారు, మా ఆవిడ చేసిన జంతికలు గిన్నె అడుగు కనబడేలా తిన్నారు. బయటికెళ్ళి చూస్తే పక్కింట్లో నక్షత్రం. ఇంకేముంది, గిటారు, డోలకు, ఎర్ర టోపీ, మైకు, అన్నీ అటు నడిచాయి. నేను చేతులు కడుక్కుని బయటికి వచ్చేసరికి పాట సగంలో ఉంది. తలుపు తీసే ఉంది. పెద్దమ్మగారు దిళ్ళకి ఆనుకుని కూర్చుని తాళం వేస్తున్నారు.

"ఇంకోటి పాడండర్రా! ఆ టోపీ గుంట బాగా పాడతాడు!"

ఇంకోటి పాడారు. ఆపేద్దామా అనుకున్నాను, ఆవిడ ముఖం చూసి ఆగిపోయాను. ఎముక విరిగాక ఆ ముఖం అలా విచ్చుకోవడం అదే మొదలు. ఆ తరవాత బృందం నాయకుడు, ప్రతి నక్షత్రం ఇంట్లోనూ చేసినట్టే, కళ్ళు మూసుకుని మైకులో ప్రార్థన చేశాడు. "ప్రభువా, నిన్ను సొంత రక్షకుడిగా అంగీకరించిన ఈ కుటుంబాన్ని దీవించు" అన్నాడు. మైకు మంచి కంపెనీది. లైను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కిటికీలు తెరుచుకున్నాయి.

కొడుకు ఆ సమయంలో రెండో షిఫ్టులో ఉన్నాడు. మర్నాడు పొద్దున పాల బూత్ దగ్గర అతన్ని ఎవరో ఆపారు. "భయ్యా, మాతాజీ నే ధరమ్ బదల్ లియా క్యా?" అని అడిగారట, అమ్మ మతం మారిందా అని. ఇంకొకాయన అడగలేదు, చూశాడట. అది ఇంకా కష్టం.

నక్షత్రం చేత్తో పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కోప్పడి ఉంటే బాగుండేది. కోపానికి నా గొంతు సరిపోతుంది. అతను నెమ్మదిగా మాట్లాడాడు.

"అన్నయ్యగారూ, ఈ మాట ఇప్పుడు మన ఊళ్ళో ఎంత దూరం వెళ్తుందో మీకు తెలీనిది కాదు. నేను ఈ లైన్లో బతకాలి."

"కుర్రాళ్ళు పొరపాటు పడ్డారు తమ్ముడూ. నక్షత్రం చూసి..."

"పొరపాటే అనుకుందాం. మరి వదినగారు రోజూ రావడం? అది దేనికోసం? నిజం చెప్పండి. ఇన్నాళ్ళూ మా అమ్మకి చేసింది, చివరికి ఈ పాటకోసమేనా?"

కాదు అని చెప్పడానికి నోరు తెరిచాను. పాస్టరుగారు గుర్తొచ్చారు, కమిటీ గుర్తొచ్చింది, నా ఇస్త్రీ చొక్కా గుర్తొచ్చింది. అవును అనడానికి చూశాను. మా ఆవిడ బకెట్టు గుర్తొచ్చింది. అవునూ కాదూ రెండూ ఒకేసారి గొంతులో అడ్డం పడి, చివరికి దగ్గు వచ్చింది.

"రేపట్నుంచి వద్దు వదినగారూ" అని వంటింటి గుమ్మంలో ఉన్న మా ఆవిడతో చెప్పి అతను వెళ్ళిపోయాడు.

మర్నాడు కోడలు రాయగఢ్ వెళ్ళిపోయింది. కొత్త పనిమనిషి వచ్చింది, వెళ్ళింది. కొడుకు తానే తువ్వాలు తడిపి తెచ్చాడు. "నువ్వు నా కడుపున పుట్టినవాడివిరా, నీ ముందు నాను వీపు చూపించుకుంటానేటి? పో అవతలికి!" అన్న మాట గోడ దాటి వచ్చింది. ఆ మరుసటి రోజు మాటలు రాలేదు, మూలుగు వచ్చింది. ఎండిన చోటే మళ్ళీ చెమ్మ పట్టిందని కొడుకు ఫోనులో డాక్టరుతో అనడం మా వంటింట్లోకి వినిపించింది. మా ఆవిడ పప్పు రుబ్బుతున్నది ఆపేసి, చాలాసేపు గోడవైపే నిలబడింది. ఆ గోడ ఇంకొంచెం పల్చగా ఉంటే దాంట్లోంచే చెయ్యి పెట్టేదేమో.

పాస్టరుగారు ఫోను చేశారు. సంఘం వాట్సాప్ గ్రూపులో అంతా చూశారట. "ప్రభువు కోసం శ్రమ వచ్చిందంటే ఆయన పని జరుగుతోందన్నమాట, అధైర్యపడకండి" అన్నారు. శ్రమ పడుతున్నది పెద్దమ్మగారు కదండీ అందామనుకున్నాను. ఆయన మంచివాడు. అందరూ మంచివాళ్ళే, అదే నా చిక్కు. ఒక్క దుర్మార్గుడైనా ఉంటే ఎటు నిలబడాలో తెలిసేది.

ఆ సాయంత్రం కొడుకు మళ్ళీ వచ్చాడు. గడ్డం మాసింది, కళ్ళు లోపలికి పోయాయి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"వదినగారూ, మీరు రావాలి. ఇంకెవరి వల్లా కావడం లేదు. కానీ ఒక్క మాట ఇవ్వండి. మా అమ్మ దగ్గర యేసు పేరు ఎత్తకూడదు. ఎప్పటికీ."

నా లోపల ప్లాంటు సైరన్లన్నీ ఒకేసారి మోగాయి. ఈ మాట ఇస్తే, ఎవరిని నమ్ముకున్నామో ఆయన పేరు ఎత్తబోమని మా నోటితో మేమే ఒప్పుకున్నట్టు. ఇవ్వకపోతే ఆ ముసలావిడ వీపు. సంఘానికి ఏమని చెప్పుకోను? రేపు పైనున్న ఆయనకి ఏమని చెప్పుకోను? కుర్చీలోంచి లేచాను, గొంతు సవరించాను.

"చూడు తమ్ముడూ, నువ్వడిగిన ప్రశ్న చాలా లోతైనది. దీన్ని మనం రెండు వైపుల నుంచీ..."

"సరే బాబూ, ఎత్తను" అంది మా ఆవిడ. అప్పటికే గీజరు వేసేసింది.

నేనూ వెంట వెళ్ళాను. కొడుకూ నేనూ ముందు గదిలో కూర్చున్నాం. లోపలి గదికి తలుపు లేదు, పరదా ఉంది. తువ్వాలు పిండుతున్న చప్పుడు, ఆ తరవాత పెద్దమ్మగారి గొంతు.

"వచ్చేవా? నాను చచ్చేననుకున్నావేటి, ఇన్నాళ్ళూ రాలేదు? మెల్లిగా రుద్దు, మండుతోంది."

మా ఆవిడ ఏదో అంది, మెల్లిగానే రుద్దుతున్నాను అనే రకం మాట. కాసేపు నీళ్ళ చప్పుడే.

"ఒక్కటి అడుగుతాను చెప్పవే. నీకు నానేటి అవుతాను? చుట్టాన్నా? నీ మనిషినా? నా పుండు కంపు నీకెందుకే? ఎవరు చెయ్యమన్నారు నిన్నిది?"

మా ఆవిడ జవాబివ్వలేదు.

నాకు అర్థమైంది. ఊరికే చేస్తున్నాను అని ఒక మాట అనెయ్యొచ్చు. అది మా ఆవిడకి అబద్ధం అవుతుంది. నిజం చెబితే యేసు పేరు వస్తుంది. పేరు ఎత్తనని మాటిచ్చింది. నా ముందు స్టీలు గ్లాసులో టీ ఉంది, తాగడం ఎలాగో మరిచిపోయాను.

"పలకవేటే? కోపమొచ్చిందా?"

మళ్ళీ తువ్వాలు పిండిన చప్పుడే.

"నాను తిడతానని విసుగొచ్చీసిందా? తిట్టనులే. మావాడేవైనా అన్నాడేటి నిన్ను? చెప్పవే తల్లీ. నువ్వు మాట్లాడకపోతే నాకు భయంగా ఉంటాది. ఎవరో పైమనిషి వచ్చి కడుగుతున్నట్టుంటాది."

ఆవిడ గొంతు వణికింది. తిట్లు తప్ప ఏడుపు ఎరగని గొంతు అది. కొడుకు గోడమీద గడియారం వైపు చూశాడు, నేల వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు. నా దగ్గర ఏముందని చూశాడో. నేను గ్లాసు వైపు చూశాను. అతను లేచి పరదా దగ్గరికి వెళ్ళి, అటు ముఖం తిప్పకుండా అన్నాడు:

"వదినగారూ... అడుగుతోంది కదా. చెప్పీండి."

"చెప్తాను బాబూ" అంది మా ఆవిడ. ఆ తరవాత పెద్దమ్మగారితో, "చెప్తానండీ, ముందు ఇటు తిరగండి, నీళ్ళు చల్లారిపోతున్నాయి."

సరిగ్గా అప్పుడే వంటింట్లో కుక్కరు కూత వేసింది. ఆ ఇంటి కుక్కరు కూత ముందు దుర్గ్ స్టేషన్లో రైలింజన్లు తల దించుకోవాలి. కొడుకు కట్టేద్దామని లేచాడు, గుమ్మం దాకా వెళ్ళి నిలబడిపోయాడు. కట్టెయ్యలేదు. వినకూడదనుకున్నాడో, వీధిలోకి వినబడకూడదనుకున్నాడో, ఊరికే కాళ్ళు ఆగిపోయాయో నాకు తెలీదు. కూత మీద కూత వేస్తూనే ఉంది. పరదా వెనక రెండు గొంతులు ఉన్నాయని తెలుస్తోంది, మాటలు తెలియడం లేదు. మిల్లులో సగం అరిగిన నా చెవులతో ఎంత ముందుకి వంగినా టీ గ్లాసే దొర్లింది గానీ ఒక్క ముక్క చిక్కలేదు.

కూత ఆగేసరికి లోపల పౌడరు డబ్బా మూత పెడుతున్న చప్పుడు వచ్చింది.

బయటికి వచ్చాక మెట్ల దగ్గరే మా ఆవిణ్ణి ఆపాను. సంఘ కార్యదర్శిగా అడుగుతున్నానో, మొగుడిగా అడుగుతున్నానో నాకే తెలీలేదు.

"చెప్పేవా?"

"చెప్పాను."

"ఏం చెప్పేవు?"

"ఆవిడ అడిగింది చెప్పాను."

"పేరు చెప్పేవా?"

"పేరు లేకుండా ఎలా చెప్తానండి?"

"మరి ఆవిడేమంది?"

మా ఆవిడ ఖాళీ బకెట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఆలోచించుకుని మరీ చెప్పింది.

"పౌడరు ఎక్కువైందంది. రేపు కొంచెం పెద్ద తువ్వాలు తెమ్మంది."